కబడ్డీ ఆటగాడి కసరత్తును ఆటలోంచే లెక్కగట్టడం ఎలా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సంక్రాంతి దగ్గరపడే కొద్దీ హైస్కూలు మైదానాలు కబడ్డీ జట్లతో నిండిపోతాయి. వాటిలో చాలా జట్ల సాధన ఒకే తీరున సాగుతుంది: మైదానం చుట్టూ పది రౌండ్ల పరుగు, తర్వాత దండాలు, బస్కీలు, ఆ పైన చీకటి పడేదాకా ఆట. పిల్లల శ్రమలో లోటేమీ లేదు. ఆ శ్రమకూ బరిలో నిజంగా జరిగేదానికీ ఎంత పొంతన ఉందో ఎవరూ లెక్క చూడకపోవడమే అసలు లోటు. ఏ ఆటలోనైనా శిక్షణ ప్రణాళిక రాసే ముందు ఆ ఆట ఒంటిని ఏమి అడుగుతోందో, ఎంతసేపు అడుగుతోందో, ఎన్ని సెకన్ల విరామం తర్వాత మళ్లీ అడుగుతోందో కొలవాలి. ఈ పని చేయడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఒక సెల్‌ఫోన్, ఒక స్టాప్‌వాచ్, కొలత టేపు, నోటుపుస్తకం ఉంటే వ్యాయామ ఉపాధ్యాయులైనా, జట్టును నడిపే సీనియర్ ఆటగాళ్లైనా చేయగలరు. ఎక్కువమందికి తెలిసిన ఆట కనుక కబడ్డీనే ఉదాహరణగా తీసుకుని ఆ పద్ధతిని వివరిస్తాను.

ముందు బరి కొలతలు

పురుషుల బరి పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. మధ్యగీత నుంచి చివరి గీతకు 6.5 మీటర్లు, బాక్ లైన్‌కు (రైడర్, అంటే కూతకు వెళ్లినవాడు, కనీసం ఒకసారి దాటాల్సిన గీత) 3.75 మీటర్లు, బోనస్ లైన్‌కు (అదనపు పాయింటు తెచ్చే గీత) 4.75 మీటర్లు. రెండు పక్కలా ఒక్కో మీటరు లాబీ పోతుంది కనుక పెనుగులాట మొదలయ్యేదాకా రైడర్‌కు దక్కే వెడల్పు 8 మీటర్లే. మహిళల బరి 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి అమ్మాయిల జట్టుకు కింది లెక్కలన్నీ మళ్లీ వేసుకోవాలి.

ఈ అంకెలు అందరికీ తెలిసినవే అయినా శిక్షణకు వాటిని వాడుకునేవారు తక్కువ. ఉన్నతస్థాయి 100 మీటర్ల పరుగువీరుడు తన గరిష్ఠ వేగాన్ని అందుకోవడానికే సుమారు 50 మీటర్లు పరుగెత్తాలి. కబడ్డీలో మధ్యగీత నుంచి నేరుగా ముందుకు పరుగెత్తగల దూరం 6.5 మీటర్లు దాటదు. కనుక రైడర్‌కు కావలసింది గరిష్ఠ వేగం కాదు. నిలుచున్న చోటి నుంచి మొదటి మూడు నాలుగు అడుగుల్లో ఎంత వేగం పుంజుకుంటాడు, ఆ వేగాన్ని ఒకే కాలి మీద ఎంత త్వరగా ఆపుతాడు, ఆపిన మరుక్షణం ఎటు మళ్లుతాడు అన్నవే ముఖ్యం. కొలత టేపు చెప్పే మొదటి మాట ఇది.

రెండో లెక్క మరింత ఉపయోగకరమైనది. బోనస్ లైన్ దగ్గర రైడర్ చీలమండను కార్నర్ ఆటగాడు (డిఫెన్స్ వరుసలో కొసన నిలబడేవాడు) పట్టుకున్నాడని అనుకుందాం. అయిదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి ముందుకు పడి చేయి పూర్తిగా చాస్తే చీలమండ నుంచి వేలి కొసదాకా సుమారు 2.2 మీటర్లు అందుతుంది. మధ్యగీత 4.75 మీటర్ల దూరంలో ఉంది. అంటే మిగిలిన రెండున్నర మీటర్ల దూరం అతడు ఎదుటివాడి బరువును, వీలైతే ఇద్దరి బరువును కూడా, ఈడ్చుకుని రావాలి. ఈ రెండున్నర మీటర్లే రైడర్ బలసాధనకు కొలబద్ద. మైదానం చుట్టూ పది రౌండ్లు కొట్టినంత మాత్రాన ఆ దూరం గడవదు.

నోటుపుస్తకంలో ఏమి రాయాలి

పోటీని చివరి గీత వెనుక నుంచి, వీలైతే బడి మేడ మీది నుంచి, ఫోన్ కదలకుండా నిలబెట్టి వీడియో తీయండి. మైదానంలో కూర్చుని కంటితో చూసి రాసే లెక్క నమ్మదగినది కాదు, ఎందుకంటే ఆట రసవత్తరమైన చోటనే చేయి ఆగిపోతుంది. తర్వాత వీడియోను ఒక్కో ఆటగాడి కోసం విడిగా మళ్లీ మళ్లీ చూడాలి. బలమైన జట్టుతో ఆడిన పోటీ, బలహీనమైన జట్టుతో ఆడిన పోటీ, మట్టి బరి, మ్యాట్ అన్నీ కలిసేలా అయిదారు పోటీలైనా ఉంటే మంచిది.

రైడర్ విషయంలో ప్రతి రైడ్‌కూ ఒక వరుస కేటాయించండి. ఉదాహరణకు ఒక వరుస ఇలా ఉండవచ్చు: ‘12వ రైడ్. నిడివి 24 సెకన్లు. దిశ మార్పు 7, అందులో కుడికాలి మీద 5. పూర్తి శక్తితో కదిలినది రెండుసార్లు, ఒక్కోసారి 3 సెకన్లు. ఎడమ కార్నర్ పట్టు. పెనుగులాట 4 సెకన్లు. మధ్యగీతకు మీటరు దూరంలో ఆగాడు. బెంచి మీద ఒక నిమిషం 35 సెకన్లు.’ ఈ ఒక్క వరుసలోనే పనిభారం, ఏ కాలి మీద ఒత్తిడి పడుతోంది, ఓటమికి కారణం, విరామం నాలుగూ ఉన్నాయి. ఇలాంటి వరుసలు పాతిక చేరితే ఆ కుర్రవాడికి ఏ కసరత్తు చెప్పాలో దాదాపు తెలిసిపోతుంది.

లెక్క మొదలుపెట్టే ముందు దేన్ని దిశ మార్పు అనాలో, దేన్ని పూర్తి శక్తి కదలిక అనాలో ఒక మాట అనుకోవాలి. నా మట్టుకు నేను తుంటి తిరిగి, పాదం కొత్త దిశలో దిగితేనే దిశ మార్పుగా లెక్కవేస్తాను. భుజం మాత్రమే ఊపి చేసిన బుకాయింపును వదిలేస్తాను. ఇద్దరు వ్యక్తులు ఒకే వీడియోను విడివిడిగా లెక్కించి సరిపోల్చుకోవాలి. తేడా ఎక్కువగా వస్తే మనుషులను తప్పుపట్టకుండా ఆ నిర్వచనాన్ని దిద్దుకోవాలి.

సగటు లెక్కతో తృప్తిపడకూడదు. సగటుకు సిద్ధమైన ఆటగాడు పోటీలో అత్యంత కఠినమైన మూడు నాలుగు నిమిషాల్లో చతికిలబడతాడు. వరుసగా రైడ్లు పడిన ఘట్టాన్ని, చివరి పది నిమిషాలను, ‘డూ ఆర్ డై’ రైడ్లను (పాయింటు తేకపోతే రైడరే అవుటయ్యేవి) విడిగా గుర్తుపెట్టండి. మొదటి అర్ధభాగంలో 4 సెకన్లు పెనుగులాడి గీత తాకినవాడు రెండో అర్ధభాగంలో 2 సెకన్లకే లొంగిపోతుంటే అది ధైర్యానికి సంబంధించిన విషయం కాదు, కోలుకునే శక్తికి సంబంధించినది.

డిఫెండర్ల వరుసలు వేరుగా ఉండాలి. కార్నర్ ఆటగాడు మోకాళ్లు వంచి, నడుము దించి, రైడ్ సాగినంతసేపూ పక్కకు పక్కకు జరుగుతుంటాడు. అవకాశం వచ్చిన క్షణంలో నేల మట్టానికి దూకి పట్టు వేస్తాడు. కవర్ ఆటగాడు (కార్నర్‌కూ మధ్యలో నిలబడేవాడికీ నడుమ ఉండేవాడు) భుజంతో అడ్డుకుంటాడు, లేదా డ్యాష్ ఇచ్చి లాబీ అవతలికి నెడతాడు. ఒకరి పని వేళ్లూ ముంజేతులూ తొడలూ చేసేది. మరొకరి పని నడుమూ భుజమూ మెడా చేసేది. ఈ ఇద్దరికీ ఒకే కసరత్తు రాసిన కాగితాన్ని పక్కన పెట్టేయవచ్చు.

అంకెలకు అర్థం చెప్పడం

20 నిమిషాల చొప్పున రెండు అర్ధభాగాలు, ఒక్కో రైడ్‌కు గరిష్ఠంగా 30 సెకన్లు అన్నది పురుషుల ఆటలో నియమం. ప్రతి రైడ్ పూర్తి నిడివి సాగిందనుకుంటే 40 నిమిషాల్లో 80 రైడ్లు, జట్టుకు 40. ప్రధాన రైడర్ ఒకటి విడిచి ఒకటి వెళ్తాడనుకుంటే అతడి వంతు 20. అతడి శ్రమ అప్పుడు 30 సెకన్ల రైడ్, 30 సెకన్లు డిఫెన్స్‌లో, 30 సెకన్లు సహచరుడి రైడ్ సాగేంతసేపు విరామం, మళ్లీ 30 సెకన్లు డిఫెన్స్, ఆ తర్వాత తిరిగి రైడ్ అనే చక్రంగా నడుస్తుంది. మీ వీడియోలు చెప్పే అంకెలు దీనికి భిన్నంగా ఉంటే మీ అంకెలనే నమ్మండి. ఈ లెక్క కేవలం మొదటి అంచనా.

ఆ 30 సెకన్లలో కూడా పూర్తి శక్తి ఖర్చయ్యేది కొన్ని సెకన్లే. అలాంటి మెరుపు కదలికలకు కండరంలో అప్పటికే నిల్వ ఉన్న ఫాస్ఫేట్ ఇంధనం సరిపోతుంది. గట్టి శ్రమ పది సెకన్లు దాటి సాగే కొద్దీ లాక్టిక్ ఆమ్లం పేరుతో మనం చెప్పుకునే దారిలో శక్తి తయారవడం పెరుగుతుంది, కాళ్లు బరువెక్కుతాయి. ఖర్చయిన ఫాస్ఫేట్ నిల్వ సుమారు అర నిమిషంలో సగం దాకా తిరిగి చేరుతుంది. దాదాపు పూర్తిగా నిండడానికి మూడు నుంచి అయిదు నిమిషాలు పడుతుంది. ఆ నింపే పని ప్రాణవాయువుతో జరుగుతుంది. కనుక దమ్ము పెంచే పరుగు అనవసరం అనడం తప్పు. దానివల్లనే రైడ్‌కూ రైడ్‌కూ మధ్య ఒళ్లు కుదుటపడుతుంది. అయితే అది పునాది మాత్రమే, వారంలో ఒకటి రెండు రోజులకు మించి అక్కర్లేదు. కానిస్టేబుల్ ఎంపిక కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేసే కుర్రవాళ్లు మన జట్లలో చాలామంది ఉంటారు. వారికి ఆ పునాది ఇప్పటికే ఉంటుంది కాబట్టి జట్టు సాధనలో మళ్లీ రౌండ్లు కొట్టించడం వారి కాళ్లను అరగదీయడమే.

ఇందులో కబడ్డీకే ప్రత్యేకమైన సంగతి కూత. రైడర్ కూత ఆపకూడదు కాబట్టి శ్రమ పెరిగే సమయంలోనే అతడి ఊపిరికి స్వేచ్ఛ తగ్గుతుంది. కూత లేకుండా చేసిన మలుపుల పరుగు, కూతతో చేసిన మలుపుల పరుగు ఒంటికి ఒకటి కావు. రైడర్ల వేగ సాధనలో సగమైనా కూతతోనే సాగాలి.

ఈ లెక్కలనుంచి సాధన ఇలా పుడుతుంది. 6.5 మీటర్ల దూరంలో గీతలు గీసి, 20 నుంచి 25 సెకన్లు కూతతో అడుగులు వేస్తూ, మీ విజిల్‌కు దిశ మారుస్తూ, చివరి 4 సెకన్లలో నడుముకు కట్టిన తాడును సహచరుడు వెనక్కి లాగుతుండగా రెండున్నర మీటర్లు ముందుకు దూసుకెళ్లి గీత తాకాలి. వెంటనే 30 సెకన్లు డిఫెన్స్ భంగిమలో పక్కకు జరగాలి, 30 సెకన్లు నడవాలి, మళ్లీ 30 సెకన్లు డిఫెన్స్. ఇలా అయిదు చక్రాలైతే ఒక వరుస పూర్తి. నాలుగైదు నిమిషాలు విశ్రాంతి ఇచ్చి రెండో వరుస చేయించండి. మొదటి వారాల్లో ఒక వరుస చాలు.

బెంచి మీద గడిచే సమయాన్ని చాలామంది కోచ్‌లు లెక్కలోకి తీసుకోరు. అవుటై రెండు మూడు నిమిషాలు కూర్చున్నవాడు రివైవల్ (తన జట్టు ఎదుటివారిని అవుట్ చేసినప్పుడు తిరిగి ఆడే అవకాశం) రాగానే చల్లబడిన కండరాలతో బరిలోకి దిగుతాడు. మీ నోటుపుస్తకంలో ఆ సమయం ఎక్కువగా కనిపిస్తే, బెంచి వెనుక నిలబడి చేసే చిన్న కదలికలను కూడా సాధనలో భాగంగా నేర్పాలి.

బలం ఎక్కడ, ఏ దిశలో

ఒంటికాలి మీద ఆగడం, వెనక్కి లాగుతున్న బరువుకు ఎదురీదడం రైడర్ బలంలో ముఖ్యమైనవి. ఒంటికాలి బస్కీలు, ఒక కాలితో దూకి కదలకుండా నిలబడడం, ఇసుక మూటను తాడుతో ఈడ్వడం ఈ అవసరానికి సరిపోతాయి. తొడ వెనుక కండరానికి నార్డిక్ కసరత్తు తప్పనిసరి అని నా అభిప్రాయం. మెత్తటి దాని మీద మోకాళ్లపై నిలబడాలి, సహచరుడు చీలమండలను నేలకు అదిమి పట్టుకోవాలి, నడుము వంచకుండా ఒంటిని నిటారుగా ఉంచి వీలైనంత నెమ్మదిగా ముందుకు వాలాలి, ఇక ఆగదనిపించినప్పుడు చేతులతో ఆనుకోవాలి. మొదటి వారం మూడు నాలుగు సార్లకు మించకూడదు, ఎందుకంటే మర్నాటి నొప్పి గట్టిగానే ఉంటుంది. తొడ వెనుక కండరాల గాయాలను ఈ కసరత్తు తగ్గిస్తుందని ఫుట్‌బాల్ ఆటగాళ్లపై జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి.

కార్నర్ ఆటగాడికి పట్టుబలం ప్రాణం. కమ్మీకి తువ్వాలు వేసి దాన్ని పట్టుకుని వేలాడడం, తాడులాట, తడి తువ్వాలును ఇద్దరు చెరోవైపు లాగడం అన్నీ పనికొస్తాయి. వేలాడే సమయాన్ని పెనుగులాట నిడివిని బట్టి నిర్ణయించండి: మీ లెక్కలో పెనుగులాటలు 3 నుంచి 6 సెకన్లు ఉంటే, నిమిషంపాటు వేలాడే ఓర్పుకంటే ఒంటికి బరువు కట్టుకుని పది సెకన్లు గట్టిగా పట్టి ఉంచే బలం ఎక్కువ ఉపయోగం.

మైపాడు, కొత్తపట్నం తీరాలకు దగ్గరున్న జట్లు ఇసుకలో సాధన చేయడానికి ఇష్టపడతాయి. ఇసుక పిక్కలకు బాగా పని చెబుతుంది, దూకినప్పుడు అదురు తక్కువ. కానీ ఇసుకలో పాదం కూరుకుపోయి నేలను తన్నే సమయం పెరుగుతుంది. బరిలో కావలసిన చురుకైన తన్ను అక్కడ అలవడదు. వారానికి ఒక్కరోజు ఇసుకకు కేటాయించి, మలుపుల సాధన మాత్రం పోటీ జరిగే నేలలాంటి నేల మీదనే చేయించాలి. మట్టి బరిలో పాదం కాస్త జారుతుంది, మ్యాట్ మీద బూటు పట్టేస్తుంది. జారనప్పుడు ఆ మెలిక భారమంతా మోకాలి మీద పడుతుంది కాబట్టి, మట్టి మీద పెరిగిన జట్టు మ్యాట్ పోటీకి వెళ్లేముందు కనీసం కొన్ని రోజులు మ్యాట్ మీద సాధన చేయాలి. మోకాలి లిగమెంటు తెగే ప్రమాదం అమ్మాయిల్లో ఎక్కువ కనుక దూకి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలకుండా చూసే సాధన వారికి మొదటి వారం నుంచే ఉండాలి.

ఆటగాడిని కొలవడం

ఆట అడిగేది ఒక పక్క, ఆటగాడి దగ్గర ఉన్నది మరో పక్క పెట్టి తేడా చూసినప్పుడే ప్రణాళిక పుడుతుంది. ఎక్కువ పరీక్షలు వద్దు. 5 మీటర్ల పరుగు వీడియోతో, నిలబడి దూకే లాంగ్‌జంప్, ఒంటికాలి జంప్ కుడి ఎడమలు విడిగా, తువ్వాలు పట్టి వేలాడే సమయం, 20 మీటర్ల బీప్ పరీక్ష (బీప్ శబ్దానికి తగ్గట్టు వేగం పెంచుతూ అటూ ఇటూ పరుగెత్తే దమ్ము పరీక్ష) ఉంటే సరిపోతుంది. ఒంటికాలి జంప్‌లో రెండు కాళ్ల మధ్య పది శాతానికి మించి తేడా ఉంటే దాన్ని ముందు సరిచేయాలి. పై ఉదాహరణలో ఏడు మలుపుల్లో అయిదు కుడికాలి మీదనే తీసుకున్న రైడర్‌కు ఎడమకాలి జంప్ కూడా తక్కువగా వస్తే, ఎదుటి జట్టు కార్నర్ అతడిని చదివేయడానికి కారణం మీకు దొరికినట్టే. అదే జట్టులో మరో రైడర్‌కు జంప్ బాగుండి బీప్ పరీక్ష బలహీనంగా ఉంటే అతడికి ఇసుక మూటలు తగ్గించి దమ్ము సాధన పెంచాలి. ఇద్దరూ రైడర్లే, కాగితాలు మాత్రం రెండు.

వారాల లెక్క, మన వాతావరణం

సంక్రాంతి పోటీలకు వెనకనుంచి లెక్కేస్తే పన్నెండు వారాల సాధన అక్టోబరులో మొదలవుతుంది. ఈశాన్య రుతుపవనాల వర్షాలు మన తీరాన్ని తడిపేది సరిగ్గా అప్పుడే. అందుకే బడి వరండాలో చేయగల బలసాధనను మొదటి అయిదారు వారాలకు పెట్టుకుని, నేల ఆరిన రోజుల్లో దమ్ము సాధన చేయించడం తెలివైన పని. డిసెంబరులో మలుపుల చక్రాలు, జోడీ పట్లు, పూర్తి పోటీలు రావాలి. చివరి వారంలో సాధన సమయాన్ని సగానికి తగ్గించి తీవ్రతను అలాగే ఉంచాలి.

భారాన్ని కొలవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. సాధన ముగిసిన అరగంటకు ‘ఎంత కష్టమనిపించింది?’ అని సున్నా నుంచి పది దాకా అంకె చెప్పించి, దాన్ని నిమిషాలతో గుణించాలి. 90 నిమిషాల సాధనకు 6 అంటే 540. వారం మొత్తం కూడితే ఆ వారం భారం తెలుస్తుంది. అది ఒక్కసారిగా ఎగబాకకుండా చూసుకోండి. పొలం పనికో, గ్రానైట్ క్వారీకో వెళ్లివచ్చే కుర్రవాడి అంకె అదే సాధనకు మిగతావారికంటే ఎక్కువగా వస్తుంది. అతడి మాట నమ్మి సాధన తగ్గించాలి.

వేసవి శిబిరాలు నడిపేవారు ఉదయం ఏడులోపు, సాయంత్రం అయిదు తర్వాత మాత్రమే సాధన పెట్టాలి. తీరంలో ఎండకు తేమ తోడై చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఒళ్లు వేడికి అలవాటుపడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది కనుక మొదటి రోజుల్లో సాధన తక్కువగా ఉండాలి. సాధనకు ముందు, తర్వాత తూకం చూడండి. కిలో తగ్గితే సుమారు లీటరున్నర నీళ్లు, కాస్త ఉప్పుతో, కొన్ని గంటల్లో తాగించాలి. బరువు విభాగం ఉన్న పోటీల కోసం పిల్లలను నీళ్లు మాన్పించి తూకానికి నిలబెట్టడం ప్రమాదకరం, దాన్ని ఏ కోచ్ అనుమతించకూడదు. ఎండలో ఎవరైనా తడబడుతూ పొంతనలేని మాటలు మాట్లాడితే వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూనే 108కి ఫోన్ చేయాలి.

ఇతర ఆటలకు

పద్ధతి ఇదే, లెక్కించాల్సింది మారుతుంది. వాలీబాల్‌లో పురుషుల నెట్ 2.43 మీటర్లు, మహిళలది 2.24 మీటర్లు, అక్కడ పరుగు దూరం బదులు ఒక్కో సెట్‌లో ఎన్నిసార్లు ఎగిరాడో, ఎలా దిగాడో రాయాలి. క్రికెట్ ఫాస్ట్ బౌలర్‌కు నెట్స్‌లో వేసినవి కూడా కలిపి వారంలో ఎన్ని బంతులు వేశాడన్నదే మొదటి అంకె, ఎందుకంటే నడుము ఎముకకు పోటీ బంతికీ సాధన బంతికీ తేడా తెలియదు. 800 మీటర్ల పరుగులో సగానికి పైగా శక్తి ప్రాణవాయువు మీద ఆధారపడి వస్తుంది కాబట్టి రెండు రౌండ్ల సమయాలను 200 మీటర్లకోసారి విడగొట్టి, వేగం ఎక్కడ పడిపోతోందో చూడాలి. కబడ్డీ జట్టుకైతే నియమాలు మారినప్పుడు, కొత్త రైడర్ వచ్చినప్పుడు, మట్టి నుంచి మ్యాట్‌కు మారినప్పుడు మొదటి వీడియో నుంచి లెక్క మళ్లీ మొదలుపెట్టాలి.